చేపల హెర్పిస్: బెంగళూరు నీరు చల్లగా ఉండటమే చిక్కు

బెంగళూరులో ఏ చెరువులో చేపలు చచ్చి తేలినా మొదట వినిపించే మాట 'మురుగు'. చాలాసార్లు అదే నిజం. 2016 మార్చిలో హలసూరు చెరువు ఒడ్డుకు చచ్చిన చేపలు గుట్టలుగా కొట్టుకొచ్చినప్పుడు కూడా చర్చంతా మురుగు గురించి, నీటిలో తగ్గిపోయిన ఆక్సిజన్ గురించే సాగింది. మురుగే ఇంత పని చేస్తుంటే మళ్లీ వైరస్ గోల ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ కోయి అనే రంగుల అలంకార చేపల్ని, వాటి జాతికే చెందిన బంగారు తీగల్ని (కామన్ కార్ప్) చంపే కోయి హెర్పిస్ అనే వైరస్ రోగం ఏ వేడిలో చెలరేగుతుందో, బెంగళూరు నీటి వేడి ఏడాదిలో ఎక్కువ రోజులు సరిగ్గా అక్కడే ఉంటుంది. పైగా అపార్ట్‌మెంట్ల ముందు కోయి కొలనులు, ప్రతి పేటలో అక్వేరియం షాపులు, విసుగొచ్చినప్పుడు చేపల్ని తెచ్చి చెరువులో వదిలేసే అలవాటు, ఈ మూడూ ఈ ఊళ్లో ఉన్నాయి.

ముందు ఆక్సిజన్ చావుకు, వైరస్ చావుకు తేడా చూడాలి. ఆక్సిజన్ పడిపోతే చేపలు ఒక్క రాత్రిలో పోతాయి. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన పచ్చటి నాచు, చీకటి పడ్డాక తనే దాన్ని పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజాముకు నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. వేసవి చివర్లో మొదటి వాన అడుగున ఉన్న బురదను కలిపేస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకుంటాయి. సాధారణంగా పెద్దవి ముందు పోతాయి. బొచ్చె, రాగండి, బంగారు తీగ, తిలాపియా అన్న తేడా పెద్దగా ఉండదు. గాలి నుంచి నేరుగా ఆక్సిజన్ తీసుకోగల కొరమీను లాంటివి మాత్రం బతికి బయటపడతాయి. ఒడ్డున పడిన చేపల్లో కొరమీను ఒక్కటీ లేకపోతే అనుమానం ముందు ఆక్సిజన్ మీదికే వెళ్లాలి.

వైరస్ తీరు వేరు. మొదటి రోజు రెండో మూడో పోతాయి, మర్నాడు పది, వారం తిరిగేసరికి లెక్క తప్పుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా ఒకే జాతి పోతుంది. అదే నీటిలో బొచ్చెలు హాయిగా మేస్తుంటే బంగారు తీగలు మాత్రమే వెల్లకిలా తేలుతున్నాయంటే మురుగును నిందించి ఊరుకోవడం కుదరదు. మురుగుకు జాతి తేడా తెలియదు. కోయి హెర్పిస్‌కు బాగా తెలుసు.

హెర్పిస్ అనగానే జనానికి మనుషుల రోగం గుర్తొస్తుంది, కొందరికి నవ్వు కూడా వస్తుంది. చేపల హెర్పిస్‌లు మనుషులకు అంటవు. మనుషుల్లో పెదవుల మీద పొక్కులు, ఆటలమ్మ తెచ్చే వైరస్‌లు ఒక కుటుంబానివి. చేపలవీ కప్పలవీ ఆలోహెర్పిస్‌విరిడే అనే వేరే కుటుంబానివి. రెండు కుటుంబాల వైరస్‌ల పైగుల్ల నిర్మాణం ఒకే తీరుగా ఉంటుంది, లోపలి జన్యువులు పోల్చి చూస్తే మాత్రం చుట్టరికం దాదాపు కనిపించదు. చాలా పాత కాలంలోనే విడిపోయిన దాయాదులన్న మాట. అయితే ఒక గుణం రెండిటిలోనూ అలాగే మిగిలింది. చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చి తగ్గిపోతుంది. వైరస్ మాత్రం నరాల్లో దాక్కుని, వయసు మీద పడ్డాక సర్పిగా బయటపడుతుంది. కోయి హెర్పిస్ కూడా బతికిన చేపను వదలదు. దాని తెల్ల రక్తకణాల్లో మౌనంగా ఉండిపోతుంది. చూడటానికి ఆ చేప నిగనిగలాడుతూ ఉంటుంది, మేత తింటుంది, ధర కూడా బాగానే పలుకుతుంది.

కోయి అంటే జపాన్ నుంచి వచ్చిన ఖరీదైన వింత చేప అన్న భావన చాలామందిలో ఉంది. వైరస్ దృష్టిలో అది బంగారు తీగే. చేపల మార్కెట్లో కిలోల లెక్కన దొరికే బంగారు తీగను రంగుల కోసం తరాల తరబడి ఎంపిక చేసి పెంచితే వచ్చినదే కోయి. బంగారు తీగ కూడా మన దేశపు చేప కాదు. 1939లో నీలగిరులకు ఒక రకం, 1957లో బ్యాంకాక్ నుంచి మరో రకం వచ్చాయి. ఆ తర్వాత మన చెరువుల్లో బొచ్చె, రాగండి, ఎర్రమోసుల పక్కన అదీ ఇంటి చేపైపోయింది. కర్ణాటక చెరువుల్లో అయితే దాని పిల్లల్ని వదలడం ఎప్పటి నుంచో ఉంది. కాబట్టి అపార్ట్‌మెంట్ కొలనులో పదివేల రూపాయల కోయికి వచ్చిన రోగం, పక్క ఊరి చెరువులో పెంపకందారు వేసుకున్న బంగారు తీగ సీడ్‌కు కూడా వస్తుంది. ఈ రోగం విషయంలో అలంకార చేపల వ్యాపారం, తిండి చేపల పెంపకం రెండు వేర్వేరు లోకాలు అనుకోవడమే అసలు ప్రమాదం.

ఈ వైరస్ శాస్త్రీయ నామం సైప్రినిడ్ హెర్పిస్‌వైరస్-3. 1998లో ఇజ్రాయెల్‌లోనూ అమెరికాలోనూ కోయిలు, బంగారు తీగలు మూకుమ్మడిగా చచ్చాక దీన్ని పట్టుకున్నారు. ఆ తర్వాత పాత నమూనాలు తిరగేస్తే 1996లో బ్రిటన్‌లో చచ్చిన చేపల్లోనూ దీని ఆనవాళ్లు దొరికాయి. దీని జన్యువు దాదాపు 2,95,000 బేస్ జతల పొడవు, అంటే మనుషుల హెర్పిస్ సింప్లెక్స్‌కు ఇంచుమించు రెట్టింపు. చేప చర్మం మీది జిగట పొరే దీని ముఖ ద్వారం. నోటి దారి కూడా ఉంది. అక్కడి నుంచి మొప్పలకు, కిడ్నీకి పాకుతుంది. మొప్పలు కుళ్లి, ఎరుపు తెలుపు మచ్చలు కలగలిసినట్టు అవుతాయి. కళ్లు గుంట పడతాయి. జిగట పోయిన చోట చర్మం గరుకుగా తగులుతుంది. లక్షణాలు కంటికి కనిపించిన తర్వాత చాలా చేపలకు మిగిలేది ఒకటి రెండు రోజులే. మొత్తం మందలో 70 నుంచి 100 శాతం వరకు పోవచ్చు.

ఇప్పుడు వేడి సంగతి. ఈ రోగం బయటపడేది నీరు సుమారు 18 నుంచి 28 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. నీరు బాగా చల్లబడితే వైరస్ ఉంటుంది, చేప చావదు. 30 దాటితే వైరస్ పెరగడం ఆగిపోతుంది. చేపలకు మనలా ఒంటి వేడి స్థిరంగా ఉండదు, నీటి వేడే వాటి వేడి. జ్వరం తెచ్చుకోవాలంటే వెచ్చని చోటికి ఈదుకుంటూ వెళ్లాల్సిందే.

అవి నిజంగానే అలా వెళ్తాయి. బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన ప్రయోగంలో కలిపి ఉన్న తొట్లలో నీటిని 24, 28, 32 డిగ్రీల వద్ద ఉంచారు. వైరస్ సోకిన చేపలు కొన్ని రోజులకు 32 డిగ్రీల తొట్టిలోకి చేరి, అక్కడే ఉండి కోలుకున్నాయి. 24 డిగ్రీల దగ్గరే ఆపేస్తే చచ్చిపోయాయి. ఇందులో అసలు చిత్రం ఇంకొకటి ఉంది. చేపలో ఈ వెచ్చదనపు కోరికను పుట్టించేది టీఎన్ఎఫ్ అనే రసాయన సంకేతం. వైరస్ తన జన్యువుల్లో ఒకదానితో ఆ సంకేతాన్ని మధ్యలోనే పట్టేసే ప్రోటీన్ తయారు చేస్తుంది. దాంతో చేప వెచ్చని నీటికి ఆలస్యంగా బయలుదేరుతుంది, ఈలోగా వైరస్ తన పని కానిచ్చుకుంటుంది. ఆ జన్యువు తీసేసిన వైరస్‌తో చూస్తే చేపలు త్వరగానే వెచ్చదనం వైపు కదిలాయి. ఒక వైరస్ చేప నడతను ఇంత నేర్పుగా వాయిదా వేయించడం ఈ రంగంలో వచ్చిన గొప్ప సంగతుల్లో ఒకటి.

ఇదంతా బెంగళూరుకు ఎలా వర్తిస్తుంది? ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. డిసెంబర్, జనవరి రాత్రుల్లో గాలి 15, 16 డిగ్రీలకు దిగుతుంది. చెరువు నీరు, అందులోనూ చెట్ల నీడలో ఉండే అపార్ట్‌మెంట్ కొలను నీరు, చాలా నెలలు 20 నుంచి 30 లోపే ఉంటుంది. సిమెంటు కొలనులో నాలుగు వైపులా నీరు ఒకే వేడిలో ఉంటుంది కాబట్టి, సోకిన చేప వెచ్చని చోటు వెతుక్కుందామన్నా దొరకదు.

చెన్నై కథ దీనికి తిరగబడి ఉంటుంది. వేసవిలో అక్కడ తొట్టి నీరు 30 దాటడం మామూలే. వైరస్ సోకిన చేప కూడా ఆ వేడిలో జబ్బు పడకుండా నెట్టుకొస్తుంది. చూసేవాళ్లకు అది ఆరోగ్యంగానే కనిపిస్తుంది. అలంకార చేపల వ్యాపారానికి చెన్నైలోని కొళత్తూరు దక్షిణాదిలో పెద్ద పేరు, అక్కడి నుంచి చుట్టుపక్కల రాష్ట్రాలకు చేపలు వెళ్తాయి. ఏ షాపులోనో రోగం ఉందని చెప్పడం కాదిది. వేడి ఊళ్లో 'నెల రోజులు చూశాం, ఏమీ కాలేదు' అన్న మాటకు చల్లని ఊళ్లో విలువ ఉండదన్నదే విషయం. వేడి రోగాన్ని దాచిపెడుతుందే తప్ప వైరస్‌ను చేప ఒంట్లోంచి తరిమేయదు. అదే చేప ప్లాస్టిక్ సంచిలో రాత్రి బస్సెక్కి బెంగళూరులో 23 డిగ్రీల నీటిలోకి దిగిందంటే, ప్రయాణం ఒత్తిడి, నీటి మార్పు, చల్లదనం ఒకేసారి తగులుతాయి. వైరస్ నిద్ర లేవడానికి ఇంతకంటే అనువైన సందర్భం ఉండదు.

మనది ఉష్ణదేశం, చల్లని దేశాల రోగం మనకెందుకు వస్తుందిలే అని కొట్టిపారేసేవాళ్లకు ఇండోనేషియాను చూపించాలి. భూమధ్యరేఖ మీద ఉన్న దేశమది. 2002లో తూర్పు జావాలోని బ్లిటార్ దగ్గర కోయిల్లో మొదలైన చావులు కొద్ది నెలల్లో పశ్చిమ జావా దాకా వెళ్లి, సిరాటా రిజర్వాయర్‌లో పంజరాల్లో పెంచే తిండి చేపల్ని తుడిచిపెట్టాయి. రంగు చేపతో వచ్చి తిండి చేప మీద పడిన తీరు ఇది. నష్టం కోటి డాలర్ల పైమాట. మరుసటి ఏడాది జపాన్‌లో కసుమిగౌర సరస్సులో వెయ్యి టన్నులకు పైగా చేపలు పోయాయి. 2004లో బీవా సరస్సులో లక్షకు పైగా అడవి బంగారు తీగలు చచ్చాయి. వందల ఏళ్లుగా కోయిని పెంచిన దేశానికే ఆ గతి పట్టింది. చావులు తగ్గాక కూడా బీవాలో వైరస్ పోలేదు. వసంతంలో గుడ్లు పెట్టడానికి చేపలు ఒడ్డు నీటిలో గుమిగూడినప్పుడు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటూ నిలిచిపోయింది.

ఇరాక్ ఉదంతం మన చర్చకు మరీ దగ్గరిది. 2018లో యూఫ్రటీస్ నది పంజరాల్లో బంగారు తీగలు టన్నుల కొద్దీ తేలాయి. ఆ దేశంలో నిప్పుల మీద కాల్చి తినే మస్గూఫ్ వంటకానికి వాడేది ఈ చేపనే, కాబట్టి దెబ్బ జనం తిండి మీద పడింది. నీటిలో ఎవరో విషం కలిపారని, కాలుష్యమని ఊహలు చెలరేగాయి. నమూనాలు ల్యాబ్‌కు వెళ్లాక కోయి హెర్పిస్ బయటపడింది. దానితో పాటు కార్ప్ ఎడిమా వైరస్ అనే మరొకటి కూడా ఉంది. ఇది హెర్పిస్ కాదు, పాక్స్ జాతి వైరస్. మొప్పలు పాడైపోయి చేపలు అడుగున పడుకున్నట్టు ఉండిపోవడం దీని గుర్తు. కంటితో చూసి ఈ రెండిటినీ వేరు చేయడం కష్టం. మన దేశపు కోయిల్లోనూ ఈ ఎడిమా వైరస్‌ను గుర్తించారు. కోయి హెర్పిస్‌ను మాత్రం మన దేశం బయటి నుంచి రాకుండా చూసుకోవాల్సిన రోగంగా పరిగణిస్తూ వచ్చింది. 2013లో మొదలైన జాతీయ జలచర రోగాల నిఘా కార్యక్రమం వెతికే రోగాల్లో ఇదీ ఒకటి.

అయితే దీని తోబుట్టువు ఇప్పటికే ఇక్కడ ఉంది. సైప్రినిడ్ హెర్పిస్‌వైరస్-2 గోల్డ్‌ఫిష్‌ను పట్టుకుంటుంది. 1990ల మొదట్లో జపాన్‌లో బయటపడింది. రక్తం తయారయ్యే కిడ్నీ, ప్లీహం కణజాలాన్ని నాశనం చేస్తుంది, అందుకే మొప్పలు పాలిపోయి కనిపిస్తాయి. దీనికి నచ్చే వేడి 15 నుంచి 25 డిగ్రీలు, అంటే బెంగళూరు చలికాలం. మన దేశంలో పశ్చిమ బెంగాల్ గోల్డ్‌ఫిష్ ఫారాల్లో ఇది ఉన్నట్టు 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ చేపల్లో వైరస్‌తో పాటు చాలా మందులకు లొంగని ఏరోమోనాస్ బ్యాక్టీరియా కూడా దొరికింది. ఈ వివరం దగ్గర కాస్త ఆగాలి. వైరస్ దెబ్బతీసిన చేప మీద బ్యాక్టీరియా పడుతుంది, పుండ్లు కనిపిస్తాయి. అక్వేరియం పెట్టుకున్నవాళ్లు షాపుకు పరుగెత్తి యాంటీబయోటిక్ పొడి తెచ్చి నీటిలో కలుపుతారు. ఒకటి పని చేయకపోతే ఇంకొకటి. వైరస్‌కు ఏమీ కాదు, బ్యాక్టీరియా మాత్రం మందులకు అలవాటు పడుతుంది. చివరకు ఆ నీరు కాలువలోకే పోతుంది. చేపల వైరస్ మనుషులకు అంటదన్న ధీమా నిజమే. ఆ కంగారులో మనం పోసే మందుల గురించి మాత్రం అంత ధీమాగా చెప్పలేం.

మిగతా హెర్పిస్‌ల గురించి క్లుప్తంగా చెబితే చాలు. పేరులో పాక్స్ ఉన్నా నిజానికి హెర్పిసే అయిన కార్ప్ పాక్స్ అనే పాత రోగం చేప ఒంటి మీద కరిగిన మైనంలాంటి బొడిపెలు తెస్తుంది. యూరప్‌లో దీని గురించి 16వ శతాబ్దంలోనే రాశారు. పెద్ద చేపల్ని చంపదు, వేడి పెరిగితే బొడిపెలు రాలిపోతాయి. అమెరికాలో చానెల్ క్యాట్‌ఫిష్ పిల్లల్ని వేసవి వేడిలో చంపే హెర్పిస్ ఒకటి ఉంది. అది కోయి హెర్పిస్‌కు తలకిందులు, వెచ్చని నీరే దానికి బలం. ఈల్ చేపలకూ ఒకటుంది. కాబట్టి 'హెర్పిస్ అంటే చల్లని నీటి రోగం' అని సూత్రం చేసుకోకూడదు. ఏ వైరస్‌కు ఆ వైరస్ తన లెక్క.

మందు లేదు కాబట్టి అంతా రాకముందు చేసే పనిలోనే ఉంది. ఇజ్రాయెల్ వాళ్లు మొదట్లో చేప పిల్లల్ని సోకిన చేపలతో కొన్ని రోజులు 22, 23 డిగ్రీల్లో కలిపి ఉంచి, ఆ తర్వాత 30 డిగ్రీలకు మార్చి నెల రోజులు ఉంచేవాళ్లు. బతికినవాటికి రోగం మళ్లీ రాదు, తర్వాత బలం తగ్గించిన వైరస్‌తో టీకా కూడా తయారు చేశారు. ఆ వేడి చికిత్స వినడానికి తెలివైన పనిలా ఉన్నా, కొనేవాడి వైపు నుంచి చూస్తే ఇబ్బందికరమైనదే. అలా గట్టిపడిన చేప తనకు ఏమీ కాకుండా కొత్త కొలనులో మిగతావాటికి వైరస్ అంటించగలదు. ఇక ఆస్ట్రేలియా అయితే తమ నదుల్ని ఆక్రమించిన బంగారు తీగను తగ్గించడానికి ఇదే వైరస్‌ను కావాలని వదలాలా అని 2016 నుంచి కోటిన్నర డాలర్ల ప్రణాళికతో పరిశీలించింది. టన్నుల కొద్దీ చచ్చిన చేపలు కుళ్లితే నీటి గతేమిటన్నది అక్కడ పెద్ద ప్రశ్న. మురుగు చెరువుల పక్కన బతికేవాళ్లకు ఆ ప్రశ్న వెంటనే అర్థమవుతుంది.

ఆంధ్ర రొయ్యల రైతులకు క్వారంటైన్ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. తెల్లమచ్చ వైరస్ 1990ల్లో చెరువుల్ని ఎలా ఖాళీ చేసిందో వాళ్లు చూశారు. విదేశాల నుంచి వచ్చే వెనామీ తల్లి రొయ్యలు చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు దాటాకే హ్యాచరీలకు వెళ్తాయి. అదే క్రమశిక్షణ రంగు చేపలకు కూడా రావాలి. ప్రభుత్వం వైపు పని ఒక ఎత్తు, కొనేవాళ్ల పని ఇంకో ఎత్తు. కొత్త కోయిని తెచ్చిన రోజే పాత కొలనులో వదలకుండా విడి తొట్టిలో కనీసం 30 రోజులు ఉంచాలి. ఆ తొట్టి నీరు 24 డిగ్రీల దగ్గర ఉండాలి. రోగం ఉంటే బయటపడే వేడి అదే. హీటర్ పెట్టి 30 దాటించి 'జాగ్రత్తగా చూసుకున్నాం' అనుకుంటే నెల రోజులూ వృథా. పాత కొలనులోని ఒకటి రెండు చేపల్ని ఆ తొట్టిలో తోడు ఉంచితే కొత్తది రోగం మోస్తోందో లేదో వాటి ద్వారా తెలుస్తుంది. కొంచెం క్రూరంగా అనిపించే పద్ధతే, కానీ మొత్తం కొలను పోవడం కంటే మేలు. వలలు, బకెట్లు, పైపులు రెండు తొట్లకూ కలిపి వాడకూడదు. బ్లీచింగ్‌తో కడిగి ఎండలో ఆరబెడితే ఈ వైరస్ నిలవదు. చేపలు లేని మామూలు చెరువు నీటిలోనే అది రోజుల్లో చచ్చిపోతుంది. దాన్ని ఏళ్ల తరబడి మోసేది బతికున్న చేప మాత్రమే. కాబట్టి ఇల్లు మారేటప్పుడు అక్వేరియం చేపల్ని 'పాపం, బతకనీ' అని పక్క చెరువులో వదలడం వాటికి మేలు చేయదు, చెరువులోని వాటికి కీడు చేయొచ్చు.

అనుమానం వచ్చినప్పుడు ల్యాబ్‌కు పంపాల్సిన చేప విషయంలో అందరూ ఒకే పొరపాటు చేస్తారు. ఒడ్డున ఉబ్బిపోయిన చేపను సంచిలో వేసి పట్టుకెళ్తారు. ఎండలో కుళ్లిన కణజాలంలో వైరస్ డీఎన్ఏ కూడా చెడిపోతుంది, పీసీఆర్ పరీక్షలో ఏమీ రాకపోవచ్చు. అప్పుడు 'వైరస్ లేదు, మురుగే' అని తేల్చేస్తారు. ఇంకా ఊపిరి ఉండి తూలుతున్న చేపే కావాలి. దాన్ని ఐస్ మీద పెట్టి అదే రోజు చేర్చాలి. కుదరకపోతే మొప్ప ముక్క, కిడ్నీ ముక్క కోసి గాఢమైన ఆల్కహాల్‌లో వేయాలి. ఆ రోజు తెల్లవారుజామున నీటి వేడి ఎంత, ఆక్సిజన్ ఎంత, ఏ జాతులు చచ్చాయి, ఏవి బతికి ఉన్నాయి, గత రెండు నెలల్లో కొత్త చేపలు ఎక్కడి నుంచి వచ్చాయి అన్నది కాగితం మీద రాసి జత చేయాలి. బెంగళూరు శివారు హెసరఘట్టలో మంచినీటి చేపల పరిశోధన కేంద్రాలు ఉన్నాయి. నిఘా కార్యక్రమం కింద 2023లో వచ్చిన 'రిపోర్ట్ ఫిష్ డిసీజ్' అనే మొబైల్ యాప్‌లో ఫోటోలతో సమాచారం పంపవచ్చు. ఫోటో తీసేటప్పుడు చేప మొత్తాన్ని ఒకటి, మొప్ప మూత ఎత్తి లోపలి రంగు కనిపించేలా ఇంకొకటి తీయాలి. చాలా కేసుల్లో ల్యాబ్ వాళ్లకు మొదటి ఆధారం ఆ రెండో ఫోటోయే.